పద్దెనిమిది ఖాళీ పుటలు

ఇందులో ప్రతి అక్షరం నిజమని మా అమ్మ ఇచ్చిన పాత బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ మాటకే నవ్వుతారు. నవ్వనివ్వండి. పోయిన ఏడాది, యాభై నాలుగో ఏటనే ఉద్యోగం విరమించి ఇంట్లో కూర్చున్నవాడు అబద్ధమాడి బాగుపడేదేముంది?

ఆరేళ్ల క్రితం, జనవరి రెండో సోమవారం, నన్ను ఇల్లినాయిలోని ఒక కతోలిక మేత్రాసనం వారి పాత రికార్డుల గదికి వేశారు. మేత్రాసనమంటే ఒక బిషప్ ఏలుబడిలో ఉండే ప్రాంతం. నా హోదా డిజిటైజేషన్ లీడ్. కింద పదిమంది ఉండేవారనుకునేరు. లీడూ నేనే, టీమూ నేనే. పాత రిజిస్టర్లు స్కాన్ చేసి, పుట పుటకీ పేరు పెట్టి సర్వర్‌లోకి ఎక్కించాలి. నెలాఖరున లారీ వచ్చి అసలు పుస్తకాలను దూరాన ఒక గోదాముకి తరలిస్తుంది. ఆ తర్వాత చూడాలన్నా దొరకవు.

ఆ ఏటి చలి గురించి ఒక్క మాట. అరోరాలో మా ఇంట్లో కప్పులో పోసుకున్న టీ, ఆఫీసు పార్కింగ్ లాట్ దాటేలోగా గడ్డకట్టేది. రెండు రోజులు కొరుక్కుతిన్నాను.

ఆ గదికి అధికారి సిస్టర్ బెనెడిక్టా. ఎనభై ఆరేళ్ల కన్యస్త్రీ. మనిషి చిన్నది, చూపు పెద్దది. అక్కడ సిరా పెన్ను నిషిద్ధం, రాసుకుంటే పెన్సిలే. గ్లౌజులూ వద్దు, గుడ్డ వేళ్లకి పుట అంచు తెలియక చిరుగుతుందట, కడుక్కున్న ఒట్టి చేతులే మేలట. మొదటి రోజు నా జేబులో పెన్ను చూసి, నువ్వు కతోలికుడివా అని అడిగింది. కాదు, గుంటూరు ప్రొటెస్టెంటునని చెప్పాను.

"అది దేవుడు చూసుకుంటాడు. పెన్ను మాత్రం బయట పెట్టి రా," అంది.

నాకప్పగించిన వాటిలో 1880ల నాటి ఒక పల్లె బడి రిజిస్టరు ఉంది. ఆ కాలంలో కతోలిక పిల్లలకు మతం నేర్పడమంటే జ్ఞానోపదేశం వల్లె వేయించడం. చిన్న పుస్తకం, వరసగా ప్రశ్నలు, ఒక్కోదానికీ ఒక్కటే జవాబు. పిల్లవాడు లేచి అక్షరం పొల్లుపోకుండా అప్పజెబితే, టీచరు ఆ ప్రశ్నకు వాడి పేరు ఎదుట ఒక మార్కు వేసేది. సిరాతోనే వేయాలి, పెన్సిలైతే చెరిపి దిద్దుకోవచ్చని నిషేధం. ఏడాది చివర ఒక ఫాదర్ వచ్చి పరీక్షించేవారు. గట్టెక్కినవాళ్లకే ప్రథమ సత్ప్రసాదం, అంటే పూజలో తొలిసారి పవిత్ర రొట్టె అందుకునే అర్హత.

ఈ రిజిస్టరులో ఒక చిక్కుంది. నవంబరు దాకా సిరా మార్కులున్నాయి. ఆ తర్వాత పద్దెనిమిది పుటలు గీతలు తప్ప ఏమీ లేవు. ఏప్రిల్లో మళ్లీ సిరా. నవంబరులో నలభయ్యో ప్రశ్న దగ్గర ఆగిన పిల్ల, ఏప్రిల్లో తొంభై ఒకటి నుంచి మొదలెట్టింది. పరీక్షకు వచ్చిన ఫాదర్ ఇది చూసి, చలికాలమంతా పాఠం చెప్పకుండా టీచరే దొంగ లెక్కతో పిల్లల్ని ముందుకు జరిపిందని తేల్చారు. ఆ టీచరు సిస్టర్ ఫిలొమీనాను ఇంకో మఠంలో బట్టలుతికే పనికి పంపేశారు. మళ్లీ జన్మలో సుద్దముక్క పట్టనివ్వలేదు.

సిస్టర్ బెనెడిక్టా ముప్ఫై ఏళ్లుగా ఆమె తరఫున పోరాడుతోంది. చేతిలో ఉన్నదల్లా మఠం దినచర్య పుస్తకంలో ఆ చలికాలం నాటి ఒక్క వాక్యం: "ఇవాళా సిరా గడ్డకట్టింది." మేత్రాసన చరిత్ర రాస్తున్న ఫాదర్ మార్టిన్ మంచివాడే, కానీ ఆధారం లేనిదే అక్షరం కదపడు. సిరా గడ్డకడితే మార్కులు ఎక్కడ వేసిందో చూపించండి అన్నాడు. నెలాఖరుకి పుస్తకం ప్రెస్సుకి పోతుంది, ఫిలొమీనాది దొంగ లెక్కన్న మాటతో సహా.

ఇక నా ఘనకార్యం. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ పుటలను దానంతటదే వదిలేసే సెట్టింగు ఒకటుంది, మచ్చలు తుడిచేసేది ఇంకొకటి. రెండూ వాటంతటవే ఆన్ అయి ఉన్నాయి. తర్వాతి సోమవారం సిస్టర్ పుస్తకం ఒక పక్కా నా ఫైళ్లు ఒక పక్కా పెట్టుకుని సరిచూసి, పద్దెనిమిది పుటలేవని అడిగింది.

"ఖాళీవే కదా సిస్టర్, సాఫ్ట్‌వేర్ వదిలేసింది."

"ఖాళీ అని ఎవరు చూశారు? నువ్వా, అదా?"

రెండు సెట్టింగులూ తీసి మళ్లీ స్కాన్ చేశాను. ఈసారి పుటల నిండా సన్నటి చుక్కలు. పురుగు తిన్నదని నోట్‌లో రాసుకుని, నమూనాకు ఒక బొమ్మ లాప్‌టాప్‌లో వేసుకుని ఇంటికెళ్లాను.

సాయంత్రం మా ఆవిడ సువార్త డైనింగ్ టేబుల్‌కి ఫ్రేమ్ బిగించి, ఎవరిదో పెళ్లి బ్లౌజుకి మగ్గం వర్క్ చేస్తోంది. నా స్క్రీన్ వైపు తొంగి చూసింది.

"ఏమండీ, ఆ డిజైన్ ఎవరిది? భలే నీట్‌గా గుచ్చారే!"

"డిజైన్ కాదే. పురుగు తిన్న పేజీ."

"పురుగు స్కేలు పెట్టుకుని తింటుందా? మిమ్మల్ని లీడ్ చేసినవాడెవడండీ బాబూ!"

తన ట్రేసింగ్ పేపరు దీపానికి అడ్డంగా పెట్టి చూపించింది. బొమ్మ గీత వెంబడి సూదితో గుచ్చి, పైన పౌడర్ రుద్ది గుడ్డ మీదకి దించుతారు. గీత గీతకీ సూది రంధ్రాలు.

"చూశారా? సేమ్ టు సేమ్. ఎవరో కూర్చుని ఓపిగ్గా గుచ్చారు."

మర్నాడు సిస్టరూ నేనూ టార్చిని పుట పక్కన పడుకోబెట్టి వెలిగించాం. అడ్డంగా వెలుగు పడితే ప్రతి గుచ్చు కిందా చిన్న నీడ. పుట పుటకీ పంతొమ్మిది వరసలు. బడిలో పిల్లలు పంతొమ్మిది మంది. సిరా గడ్డకట్టింది, పెన్సిలు వాడకూడదు. గుండుసూది వాడకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదు. నలభై దగ్గర ఆగిన పిల్ల వరసలో సరిగ్గా యాభై గుచ్చులున్నాయి.

ఫాదర్ మార్టిన్ వచ్చి, ఇవి కూడా దొంగగా గుచ్చినవి కావచ్చు కదా అన్నాడు. సిస్టర్ ఆఖరి వరస మీద పెన్సిలు ఆనించింది. అది పాట్రిక్ అనే పిల్లవాడిది. పద్దెనిమిది పుటలకీ కలిపి ఒకే ఒక్క గుచ్చు. ఏప్రిల్ సిరాలో వాడు రెండో ప్రశ్న నుంచి మొదలెట్టాడు. మొదటి ప్రశ్న, నిన్ను సృష్టించినదెవరు? జవాబు ఒక్క మాట. దానికి వాడికి చలికాలమంతా పట్టింది.

ఫాదర్ టార్చి తీసుకుని పద్దెనిమిది పుటల్లోనూ ఆ వరస తానే వెతికాడు. "దొంగ మార్కులే వేసేదైతే వీడికి ఇంకో రెండైనా పడేసేది," అన్నాడు చివరికి.

పుస్తకంలో వాక్యం మారింది. సిస్టర్ ఆ రోజు భోజనానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. ఆమె లెక్కలో అది పండగ. లారీ చెప్పిన రోజుకే వచ్చింది.

ఈ ఉదంతం నేర్పింది ఒకటే. ఖాళీగా ఉన్నదాన్ని తీసేసే ముందు ఒకసారి పక్కనుంచి వెలుగేసి చూడాలి. ఆ పనిని యంత్రానికి అప్పగించకూడదు.

ఇక నా ఒప్పుకోలు. గుండుసూది, పాట్రిక్, సువార్త మాటలు, అన్నీ నిజమే. మీరు నమ్మని టీ కూడా ముప్పాతిక నిజం. కల్పించింది మీరు అనుమానించకుండా దాటేసిన ముక్క: ఆ సెట్టింగులు వాటంతటవే ఆన్ అయ్యాయన్నది. ఆ రిజిస్టరు మొదటిసారి స్కాన్ చేసిన శుక్రవారం నేపర్‌విల్‌లో మా చర్చి వాళ్లింట్లో బిర్యానీ ఉంది. గంటన్నర కలిసొస్తుందని రెండు టిక్కులూ నేనే పెట్టాను. పని చిట్టాలో మాత్రం 'సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్' అని రాసి సంతకం చేశాను. ఫిలొమీనా చేయని దొంగ రాతకి బట్టలుతికింది. చేసిన నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఇది రాయడానికి ముందు సిస్టర్ బెనెడిక్టాకు దిద్దుబాటు పంపాను. ఆమెకిప్పుడు తొంభై రెండు. రెండు వాక్యాల్లో జవాబొచ్చింది: "ఆ సంగతి నీ సంతకం పక్కనే ఆరేళ్ల క్రితం పెన్సిలుతో రాసి పెట్టాను. నువ్వు ఒప్పుకున్నాక చెరుపుదామనే పెన్సిలు."