బోర్లించిన వెండి గిన్నెలు

అన్న కల్లు గీయడానికి జీలుగు చెట్టెక్కినప్పుడల్లా అమ్మ గూట్లోని రెండు వెండి గిన్నెలూ బోర్లించేది. అరకు పైన కొండవాలు మీదున్న మా ఊళ్లో దాని అర్థం అందరికీ తెలుసు. మనిషి చెట్టు మీద ఉన్నాడు, పేరు పెట్టి పిలవొద్దని. పిలిస్తే కిందికి చూస్తాడు, పట్టు తప్పుతాడు. నాన్నను ఎవరో గూడు చూడకుండా పిలిచారు. నాన్న అలాగే పోయాడు. అన్న కల్లుతో దిగి, గిన్నెలు తిప్పి, మొదటి చుక్కలు పోయిన పెద్దలకు పోశాక గానీ అమ్మ మంచినీళ్లు ముట్టేది కాదు.

ఆ గిన్నెలు మా ముత్తాతకు దొరల బంగళాలో ఇచ్చినవట. దొరలు వాటిలో ద్రాక్షసారా తాగేవారట. అడుగున సింహం ముద్ర ఉంది. కాఫీ తోట చూడ్డానికొచ్చిన ఒకాయన ఆ ముద్ర చూసి, విశాఖపట్నంలో వేలానికి పెడదామన్నాడు. అన్న ఎగిరి గంతేశాడు. కాఫీ పళ్ల తొక్క తీసే మిషను కొంటాను, ఇక చెట్టెక్కను అన్నాడు. ఆ ఒక్క మాటకే అమ్మ ఒప్పుకుంది. నాకైతే ఎప్పుడో ఇష్టమే. గిన్నెలు బోర్లా ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి బతకడం చిన్నప్పటి నుంచీ నాకు విసుగు.

వేలానికి అమ్మా నేనూ వెళ్లాం. కల్లు దించాలని అన్న ఉండిపోయాడు.

"ఇదే ఆఖరు సెట్టు," అని నవ్వాడు.

హోటల్ హాల్లో నల్లగుడ్డ పరిచిన బల్ల మీద మా గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎవులెక్కారే సెట్టు?"

"ఎవులూ ఎక్కనేదమ్మా. అడుగున ముద్ర సూపిత్తన్నారు."

"తిప్పమను."

వెళ్లి అడిగాను. కోటు వేసుకున్నాయన నవ్వి, ముట్టుకోవద్దన్నాడు. ఒళ్లు మండిపోయింది. కాసేపటికి ఆయనే మైకు పట్టుకుని, యజమాని అంటూ మా అన్న పేరు ఇంటిపేరుతో సహా హాలంతా మోగేలా చదివాడు. అమ్మ చెవులు మూసుకుంది. గిన్నెలు ఎవరు పాడుకున్నారో కూడా చూడలేదు.

"బేగి ఇంటికి పోదారి," అంది.

బస్సెక్కగానే అన్నకు చెబుదామని ఫోన్ తీశాను. అమ్మ లాక్కుంది.

"సెయ్యకు. అదీ పిలుపే."

నిజమే. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది ఆ జీలుగు చెట్టు పైనే. అన్న ఫోన్ చొక్కా జేబులో పెట్టుకునే ఎక్కుతాడు. అది మోగిందంటే అన్న చెట్టు మీద ఉన్నట్టే. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మబ్బు దిగింది. అమ్మ చాదస్తానికి నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. నాకూ భయం వేసింది.

ఇంట్లో గూడు ఖాళీ. పెరటి వెనక చెట్టు మొదట్లో అన్న చెప్పులున్నాయి. తలెత్తి చూశాం. చెట్టుకు కట్టిన వెదురు మీద, చాలా పైన, అటు తిరిగి ఉన్నాడు. మేము వచ్చింది తెలియదు. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నేనూ నోరు మెదపలేదు. కొండంతా చీకటి పడుతోంది. అన్న కల్లు కుండ నడుముకు కట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు పైన ఫోన్ మోగింది.

వేలంవాళ్లు. వాళ్ల దగ్గరున్నది అన్న నంబరే. ఆ కబురు కోసమే పొద్దుటి నుంచీ కాచుక్కూర్చున్నాడు కదా. కుడిచెయ్యి వెదురు వదిలి జేబు వైపు వెళ్లింది.

మిషను వచ్చింది. అన్న మాట నిలబెట్టుకున్నాడు, మళ్లీ చెట్టెక్కలేదు. రోజూ పొద్దున్నే అమ్మ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని, మోసుకెళ్లి మిషను దగ్గర కూర్చోబెడతాం.