పటంలో తెల్లని చోటు

ముందు చప్పుడు వినిపిస్తుంది. కత్తిని వెనక్కి తిప్పి, పెద్ద చెట్ల పలక వేళ్ళ మీద కొట్టే చప్పుడు. డమ్. కాస్త ఆగి, డమ్ డమ్. గోడల్లా లేచి నిలబడ్డ ఆ వేళ్ళు డోలులా మోగుతాయి. కొండ ఆ మోతను కాసేపు తన దగ్గర ఉంచుకుని, వాగు మీదుగా మా బడి దాకా పంపిస్తుంది. పిల్లలు పుస్తకాల్లోంచి తల కూడా ఎత్తరు. "నెస్టా అత్త దిగుతోంది టీచర్" అంటారు. ఎక్కేటప్పుడు ఒక దెబ్బ, దిగేటప్పుడు మూడు. అడవిలో ఉన్నవాళ్ళకు, బతికున్నవాళ్ళైనా కాకపోయినా, నడుస్తున్నది ఎవరో తెలియాలి. అది ఇక్కడి మర్యాద.

చాలాసేపటికి మనిషి కనిపిస్తుంది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా బురద, మెడలో తాడుకు వేలాడే జీపీఎస్ డబ్బా. నెస్టా హవిమానాకు నలభై ఏడేళ్ళు. ఈ ఇసబెల్ ద్వీపంలో, మా తహిబూ ఊళ్ళో, అడవి కాపలా ఆమె పని. నేనిక్కడ పంతులమ్మగా చేరి పందొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆమె తీరిగ్గా కూర్చోగా చూసింది రెండుసార్లే. ఉడికించిన కర్రపెండలం అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడే తినేస్తుంది. చర్చిలో తలుపు దగ్గరి స్తంభాన్ని ఆనుకుని నిలబడుతుంది.

"దేవుడు ఎక్కడికీ పోడు నెస్టా, కూర్చో" అన్నాడు ఒకసారి ఫాదర్.

"ఆయన పోడు ఫాదర్. నేనే పోవాలి" అంది.

ఇక్కడ నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది. నెస్టా తల్లి పోయాక ఆ వంశపు అడవి మీద మాట నెస్టాది అయింది. కానీ అడవి నడిబొడ్డున, రెండు వాగుల మధ్య ఒక మిట్ట ఉంది. పూర్వీకుల పుర్రెలు రాళ్ళ గూట్లో ఉన్న చోటు. దాని చుట్టూ చేతులు చాచినా అందనంత లావు చెట్లు. అక్కడికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు. మగవాళ్ళలోనూ ఒక్కడే వెళ్ళాలి, ఆ చోటు కాపరి. ఇప్పుడు ఆ కాపరి నెస్టా మేనమామ, ఎలిసన్ గెరెవా. ఆ చోటి పేరు బయట పలకరు. దానివైపు వేలు చూపరు. చూపించాల్సి వస్తే గడ్డం కాస్త ఎత్తి ఊరుకుంటారు.

పక్క లోయను కలప కంపెనీకి ఇచ్చి ఏడేళ్ళయింది. ఆ లోయ వాగు ఇప్పటికీ వానొస్తే ఎర్రగా ఉబ్బి సముద్రంలోకి పోతుంది. రొయ్యలు పోయాయి. అది చూసే మా ఐదు వంశాలూ ఒక సంఘం పెట్టుకున్నాయి. ఏడాదికి కొన్ని చెట్లు, ఎంచి ఎంచి, అక్కడికక్కడే కోసి పలకలు చేస్తారు. మిగతా అడవిని నిలబెట్టి ఉంచుతారు. అలా నిలబెట్టినందుకు దూరదేశాల వాళ్ళు కొంత డబ్బు ఇస్తారు. దానికి ఒక షరతు. అడవి హద్దంతా, నడుమ దారులతో సహా, ఎవరో ఒకరు కాళ్ళతో నడవాలి, నడిచిన జాడ డబ్బాలో పడాలి, ఆ జాడ పటంగా మారి పట్నంలోని ఆఫీసుకు చేరాలి. ఆ నడక నెస్టాది.

మా ఇంటి రేడియోలో విదేశీ వార్తలు వస్తుంటే ఆమె కిటికీ బయట నిలబడి వింటుంది. ఆ రోజు ఏదో దూర నగరంలో ఎన్నో దేశాల వాళ్ళు అడవుల గురించి ఒప్పందం చేసుకున్నారని చెప్పారు.

"ఎన్ని రోజులు మాట్లాడుకున్నారట?"

"పన్నెండు."

"పన్నెండు రోజుల్లో నేను హద్దంతా తిరిగొచ్చాను టీచర్. జలగలతో సహా." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మన లోయ మాట ఎవరూ ఎత్తలేదా?" అంది.

"అంత చిన్నవి వార్తల్లోకి రావు."

"మరి ఆ పెద్ద అడవి ఎక్కడుంది? అన్నీ ఇలాంటి చిన్నవేగా." సమాధానం కోసం ఆగలేదు. కొబ్బరి తోట దాటి పోయింది.

తర్వాతి సోమవారం ఆఫీసు నుంచి రెజినాల్డ్ అనే యువకుడు పడవలో వచ్చి మా బడి వసారాలో పటం పరిచాడు. అడవంతా ఆకుపచ్చ. చుట్టూ నెస్టా నడిచిన గీత. నడిమధ్యన మాత్రం, గుడ్డు ఆకారంలో, తెల్లగా ఒక చోటు.

నెస్టా చాలాసేపు దాన్ని చూసింది. గడ్డం కాస్త ఎత్తింది. "ఇదేమిటి ఇలా ఉంది?"

"మీరే కదా నడిచారు అత్తా. ఇదిగో, ఇక్కడికొచ్చి దాని చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చారు. దాన్ని వదిలేశారని లెక్క."

"వదిలెయ్యడమేమిటి? అది తప్పుకుని నడవాల్సిన చోటు. దూరంగా తిరగాలి. అది అన్నిటికంటే ఎక్కువ మాది. అందుకే లోపలికి పోలేదు."

"నాకర్థమైంది. నేనూ ఇసబెల్ వాణ్ణే." అతను గొంతు తగ్గించాడు. "పటానికి అర్థం కాదు. చుట్టూ తిరిగితే, లోపలిది మీది కాదు అంటుంది. కంపెనీ వాళ్ళు అది చూశారు. ఈ తెల్లచోటూ, అక్కడిదాకా ఒక రోడ్డూ కావాలని దరఖాస్తు పెట్టారు. వచ్చే సోమవారం పట్నంలో విచారణ."

చుట్టూ తిరగడం ఆమెకు మర్యాద. ఆ మర్యాదకు పటంలో వచ్చిన రూపం ఇది, ఖాళీ.

"ఏం చెయ్యాలి?" అంది నెస్టా. అప్పటికే వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచింది.

"జాడ లోపలికి వెళ్ళి, నడుమ ఒక గుర్తు పెట్టి, అవతలివైపు బయటికి రావాలి. ఈ ఫారం నింపాలి. గురువారం ఓడకి రెండూ చేరాలి."

ఆ సాయంత్రమే ఎలిసన్ మామ ఇంటికి వెళ్ళాం. ఆయన ఆకు కప్పు కింద వక్క నములుతూ సున్నం బుర్ర ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నెస్టా అంతా చెప్పింది. ఆయన డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎవరితో మాట్లాడుతుందే?"

"పైన తిరిగే ఉపగ్రహాలతో మామా."

"ఎంత పైన? మన పెద్దవాళ్ళకంటే పైనా?"

"చాలా పైన."

"అంత పైనున్నవాళ్ళకి మన మిట్ట ఎందుకు?" ఎర్రగా ఉమ్మాడు. "మీ అమ్మ ఉంటే నీ చెవి మెలిపెట్టేది. హద్దు నడవమంటే నడిచావు బాగానే. అది గీతగా మారి మన మెడకే చుట్టుకుంటుందని అడగాలని తోచలేదూ?"

"తోచలేదు. నీకు తోచిందా? నేను బయల్దేరిన రోజు నువ్వేగా దూరంగా తిరుగు, దూరంగా తిరుగు అని నాలుగుసార్లు చెప్పావు!"

ముసలాయన వక్క నమలడం ఆపేశాడు. చివరికి, "నా మోకాళ్ళని అడిగి రేపు చెప్తా" అన్నాడు.

మోకాళ్ళు ఒప్పుకున్నట్టున్నాయి. మంగళవారం పొద్దున్నే ముగ్గురం ఎక్కాం. మామ ముందు, నెస్టా వెనుక, నేను అందరికంటే వెనుక రొప్పుతూ. మిట్ట కింది వాగు దగ్గర మామ చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. డబ్బాను బుట్టలో పెట్టుకుని ఒక్కడే పైకి పోయాడు. ఆకులు ఆయన వెనక మూసుకున్నాయి.

నేను రాయి మీద కూర్చున్నాను. నెస్టా వాగులోకి దిగింది, ఒడ్డెక్కింది, మళ్ళీ దిగింది. గాలి లేదు. ఎక్కడో పైన బాదం లాంటి న్గాలి కాయలు పావురాల ముక్కుల నుంచి జారి ఆకుల మీద పడుతున్నాయి. ఒక్కో కాయ పడ్డప్పుడల్లా ఆమె తల అటు తిరిగేది. అడవిలో ఆమెకు తెలియని జాగా లేదని నేను అనుకునేదాన్ని. ఆ వేళ తెలిసింది, పుట్టినప్పటి నుంచీ ఆమె నడకంతా తను అడుగుపెట్టని ఒక చోటు చుట్టూనే సాగిందని. అందుకేనేమో ఆ కాళ్ళు ఎక్కడా ఆగలేదు.

మామ దిగి వచ్చాడు. నెస్టా డబ్బా లాక్కుని చూసింది. తెర నల్లగా ఉంది.

"ఇదేంటి మామా, ఆపేశావా?"

"పిట్టపిల్లలా కీచుకీచుమంటోంది. పెద్దవాళ్ళ ముందు అరవనిస్తానా? ఆ మీటేదో నొక్కాను, నోరు మూసుకుంది."

"మామా! అది అరిస్తేనే జాడ పడేది!"

"ముందు చెప్పాలి కదా!"

"ఏమని చెప్పాలి? దాని పీక పిసకొద్దనా?"

నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరి మొహాలు చూసి మింగేశాను. పడమటి కొండ మీద వాన నిలబడి ఉంది. నెస్టా డబ్బాను మళ్ళీ ఆన్ చేసి, దాని కీచు బయటికి రాకుండా తన తలగుడ్డతో మూడు చుట్లు చుట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకో చుట్టు చుట్టింది. మామ మోకాళ్ళు రెండు చేతులతో నొక్కి, "ఇంకోసారా" అన్నాడు. ఆమె కళ్ళు ఆయన మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"నేనే వెళ్ళిపోతాను" అంది హఠాత్తుగా. ఒక కాలు వాగులో పడింది కూడా.

"అడుగు వేశావంటే" అన్నాడు ముసలాయన, గట్టిగా ఏమీ కాదు, "ఆ చోటు కంపెనీ నుంచి మిగిలినా మనకి మిగలదు. ఇలా ఇవ్వు దాన్ని."

ఈసారి వాన ఆయనకంటే ముందు మిట్టెక్కింది. గంటన్నర పట్టింది. నెస్టా నానుతూ తిరుగుతూనే ఉంది. అవతలి వాగువైపు నుంచి ముసలాయన కేక వినిపించగానే పరుగెత్తింది. ఆయన వణుకుతున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. తలగుడ్డ విప్పి చూస్తే, తెర మీద సన్నని గీత తెల్లచోటుకి అడ్డంగా పోయి, నడుమ ఒక చుక్క పెట్టి, అవతలికి వచ్చింది.

"వాళ్ళతో ఏం చెప్పావు మామా?"

"నా అక్క కూతురు పంపింది, తను రాలేదు అని చెప్పాను."

"ఒప్పుకున్నారా?"

"వాన కురుస్తోంది. వినపడలేదు." దారిలో ఆమె భుజం పట్టుకుని దిగుతూ ఇంకోమాట అన్నాడు. "చోటు చూపించేశాం. సరే. పేరు మాత్రం ఇవ్వొద్దు. అదీ ఇచ్చేస్తే నేను కాయడానికి ఏముంటుంది?"

బుధవారం ఫారం నింపడానికి కూర్చున్నాను. వంశం పేరు. హద్దులు. సాక్షులు. తర్వాత, నక్షత్రం గుర్తుతో ఒక గడి. స్థలం పేరు. నక్షత్రం ఉన్న గడి ఖాళీగా ఉంటే ఫారం తిప్పి పంపుతారని రెజినాల్డ్ ముందే చెప్పాడు. తిప్పి పంపితే, సోమవారం విచారణకి ఆ చోటు తెల్లగానే ఉంటుంది.

"ఏదో ఒక పేరు పెట్టేద్దాం నెస్టా. పెద్దమిట్ట అనో ఏదో."

"వద్దు టీచర్. అబద్ధం పేరు రాస్తే, ఏడాది తిరక్కుండా ఎవడో ఒకడు వచ్చి ఆ పేరున్న చోటు నాది అంటాడు. మన ద్వీపం సంగతి తెలీదా?"

"మరి అసలు పేరు?"

ఆమె కిటికీలోంచి మామ ఇంటివైపు చూసింది. ఆయనకు రాత్రి నుంచి జ్వరం. నర్సమ్మ వచ్చి మాత్రలు ఇచ్చి, వానలో తడిసిన జ్వరమే అంది. ఊళ్ళో మాత్రం ఎవరూ అలా అనుకోవడం లేదు. నెస్టా ఏమనుకుంటోందో నేను అడగలేదు. పొద్దుటి నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఆమె తిరిగిన దారిలో గడ్డి అణిగిపోయింది.

"ఖాళీగానే ఉంచు" అంది. "నేనే ఓడలో పోతాను. ఎందుకు ఖాళీయో నోటితో చెప్తాను. పేరుంది, చెప్పేది కాదు, అని చెప్తాను. అక్కడి బల్లల వెనక ఉండేవాళ్ళూ ఎవరో ఒక తల్లి పిల్లలేగా. వాళ్ళకీ ఇలాంటి చోటొకటి ఉండే ఉంటుంది."

"ఒప్పుకోకపోతే?"

ఆమె కొత్త గీత దిద్దిన పటాన్ని, ఫారాన్ని చుట్టి వెదురు గొట్టంలో దోపి, మూతకి మైనం అద్దింది. మళ్ళీ విప్పి, గీత ఉందో లేదో చూసి, మళ్ళీ అద్దింది.

గురువారం పొద్దున ఓడ పగడపు దిబ్బలకు అవతల నిలబడి రెండుసార్లు కూత వేసింది. తీరాన పడవ మోటారు అప్పటికే తిరుగుతోంది. నెస్టా నడుంలోతు నీళ్ళలో వెదురు గొట్టాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని వెళ్ళి పడవెక్కింది. ఎక్కి, పడవ నడిపేవాణ్ణి ఆగమంది. మళ్ళీ నీళ్ళలోకి దూకి నా దగ్గరికి వచ్చింది. ఏదో మరిచిపోయిందనుకున్నాను.

"మామ జ్వరంలో ఏవేవో అంటున్నాడు" అంది, ఊపిరి అందక. "నేను లేనప్పుడు ఆయనకి గంజి నువ్వే తాగించాలి. అందులో ఆ పేరు వినిపించిందనుకో, చెవులు మూసుకో టీచర్. నీకు తెలిస్తే నువ్వు రాసేస్తావు."