కుడిపక్క గుండె బొంత

"బొమ్మ తిరగేసి గీసినావా బావూ?" అని మా వదిన ఆ రోజు మిషను ఆపి మరీ అడిగింది. నేను "ఆఁ" అన్నాను. టీవీలో క్రికెట్ ఆఖరి ఓవర్లు నడుస్తున్నాయి. ఆమె ఏమడిగిందో సగమే విన్నాను. వదిన అలా అడిగిందని తర్వాత చాలా ఏళ్లు నేను ఎవరికీ చెప్పలేదు. దానివల్ల బంగారంలాంటి పనిమంతురాలికి చెడ్డపేరు వచ్చింది.

అప్పట్లో నేను టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ని. పలాస దగ్గర మా ఊరు. బాబూ అనడాన్ని మావైపు బావూ అంటారు. అన్నయ్య కొబ్బరితోట చూసుకునేవాడు. వదిన వీధి అరుగు మీద కుట్టుమిషను వేసుకుని ఊళ్లో ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఏటా అవే థర్మోకోల్ అగ్నిపర్వతాలు చూసి విసుగొచ్చి, ఈసారి మనిషంత బొంత మీద మనిషి శరీరం కుట్టిస్తే బాగుంటుందనుకున్నాను. నేల మీద పరిస్తే పిల్లలు పక్కన పడుకుని తమ గుండె ఎక్కడుందో, పేగులెక్కడున్నాయో చూసుకుంటారు.

వదినకి చెబితే బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా! పడుకోడానికి బొంత కుడతారు గానీ, పడుకున్నోడి పేగులు కుడతారేటి?"

నవ్వుతూనే ఒప్పుకుంది. పైన ముదురునీలం గుడ్డ, అడుగున అన్నయ్య పాత తెల్లపంచెలు, మధ్యలో మెత్తబడిన అమ్మ నూలుచీరలు. చేత్తో కుట్టే బొంతని మావాళ్లు అంచు నుంచి మొదలెడతారు. మిషను మీద అలా కుడితే ముడతలన్నీ నడిమికి పోగవుతాయని వదిన బొమ్మ నడుము దగ్గర మొదలుపెట్టి బయటికి కుట్టుకుంటూ వచ్చింది. అంత బొంతనీ చాపలా చుట్టి మిషను మెడకింద దూర్చాలి. అవతలి కొసన అన్నయ్య కూర్చుని, బారువ సముద్రం ఒడ్డున వల లాగినట్టు లాగేవాడు.

"మెల్లగా లాగు, సూది ఇరిగిపోతాది!"

"నానేటి సేసేది? నీ మొగోడు మా బరువున్నాడే!"

"నా మొగోడు నువ్వు. ఈడు మీ తమ్ముడి మొగోడు."

సూదులు విరిగాయి. అంతకన్నా పెద్ద చిక్కు, నీలంగుడ్డ మీద నేను సబ్బుముక్కతో గీసిన గీతలు బొంత చుట్టేసరికి చెరిగిపోయేవి. దానికి వదినే ఉపాయం చెప్పింది. అడుగునున్న తెల్లపంచె మీద పెన్సిల్‌తో గీస్తే, బొంత బోర్లావేసి ఆ గీతల మీదే కుడతానంది. రంగుదారం మిషను అడుగున తిరిగే బాబిన్‌కి చుడితే ఆ రంగు కిందనున్న నీలంగుడ్డ మీద పడుతుంది. కాకపోతే అటువైపు బొమ్మ అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి వస్తుంది. కాబట్టి నేను ముందే తిరగేసి గీయాలి. వదిన అడిగింది ఆ సంగతే. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గీసేసి టీవీ ముందు కూర్చున్నాను.

బొంత ఎంత బాగా కుదిరిందో! ఎర్రదారంతో గుండె, పసుపుదారంతో పేగులు. ఏది ఏ పక్కనుండాలో చూసుకోవలసినవాణ్ని నేను. మురిసిపోవడంలో పడి చూసుకోలేదు.

ప్రదర్శనకి అతిథిగా ఒక డాక్టరుగారు వచ్చారు. బొంత ముందు వంగి చూసి, "మాస్టారూ, ఇతని గుండె కుడిపక్కనుందేమిటి?" అన్నారు. పిల్లలు గొల్లున నవ్వారు.

"మా వదిన కుట్టింది సార్" అన్నాను.

అబద్ధం కాదు. అయితే అక్కడితో ఆగిపోయాను.

ఆ మాట మా ఊరి పిల్లలతోపాటు సాయంత్రం బస్సెక్కి నాకన్నా ముందే ఊరు చేరింది. "కుడెడమలు తెలీనిది జాకెట్టుకి ఉక్సులు ఏ పక్కనెడతాదో!" అని వీధిలో వేళాకోళం మొదలైంది. వదిన మాత్రం, "మనసున్నోడికి గుండె ఏ పక్కనుంటే ఏటి?" అని నవ్వేసేది. కానీ కొందరు జాకెట్లు పలాస తీసుకుపోవడం మొదలుపెట్టారు. కొన్ని మధ్యాహ్నాలు మిషను మూతపెట్టి ఉండేది. నన్ను ఒక్కమాట అనలేదు. టీ ఇచ్చేటప్పుడు మాత్రం గ్లాసు పట్టుకుని నిలబడి, "కుడిసేతికియ్యనా, ఎడంసేతికియ్యనా బావూ?" అనేది.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం, సోంపేట నుంచి మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు జాకెట్టుగుడ్డతో అరుగెక్కింది. అక్కడే కూర్చుని ఉన్న ఎదురింటి పెద్దావిడ, "ముందు గుండె ఏ పక్కనుంటాదో అడుగమ్మా, తర్వాత గుడ్డియ్యి" అంది. అందరూ నవ్వారు. సంగతి తెలియని ఆ పిల్ల గుడ్డని దగ్గరికి లాక్కుంది. వదిన సాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు.

నేను లోపలికెళ్లి బొంత తెచ్చి అరుగు మీద పరిచాను, తెల్లవైపు పైకి పెట్టి.

"పెద్దమ్మా, ఇటు సూడు. ఈ పెన్సిల్ గీతలు నావి. ఈ తెల్లవైపు గుండె ఉండాల్సిన సోటే ఉంది. వదిన గీత తప్పకుండా కుట్టింది. తిరగేసి గియ్యాల్సింది నేను. గియ్యలేదు."

పెద్దావిడ బొంత అంచు ఎత్తి ఇటు చూసింది, అటు చూసింది. "ఓలప్పా! అయితే కుడెడమలు తెలీనిది మేస్టారికా!" అంది. ఈసారి నవ్వు నా మీద పడింది. కొత్తకోడలు గుడ్డని వదిన ఒళ్లో పెట్టింది.

వదిన తలెత్తకుండా మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి గొణిగాను.

"ఏటి బావూ? ఈ సప్పుడుకి ఇనపడనేదు" అంటూ చక్రం మీద అరచెయ్యి వేసి మిషను ఆపింది, ఆ రోజు ఆపినట్టే. అరుగు మీదున్న వాళ్లంతా నావైపే చూస్తున్నారు.

"నువ్వడిగినావు వదినా, నేను ఇనకుండా ఆఁ అన్నాను. డాక్టరుగారి ముందు నీ పేరు సెప్పి నేను తప్పుకున్నాను. నన్ను క్షమించు" అన్నాను, వీధి చివరికి వినపడేలా.