అరిగిన ఎడమ బూటు

మా బావ వరహాలు ఎవరినీ నమ్మడు. పాలవాడు వెళ్ళగానే గిన్నెలో వేలు ముంచి చూస్తాడు. కండక్టరు చెప్పిన స్టాపు పేరు పక్క సీటువాడిని మళ్ళీ అడుగుతాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదని నేననుకుంటాను. ఇరవై ఏళ్ళుగా స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కూలి. కన్వేయరు బెల్టుల కింద రాలిన ఖనిజం పారతో ఎత్తే పని. "వచ్చే ఏటికి నీ సంగతి చూస్తాం" అన్న మాట ఆరుగురు కాంట్రాక్టర్ల నోట విన్నాడు, ఆరుసార్లూ నమ్మాడు. ఏడోవాడు అదే మాట అన్నప్పుడు నవ్వి పార అందుకున్నాడట.

ఆయన నమ్మినవి రెండే. ఒకటి సింహాద్రి అప్పన్న. రెండోది తన కాళ్ళు.

ఈ రెండూ కలిసింది వాళ్ళమ్మ జోగమ్మ వల్ల. ఆవిడ శృంగవరపుకోట దగ్గర పల్లెలో రైతు ఇంటి మనిషి. ఏటా ఆషాఢ పున్నమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు ఒట్టికాళ్ళతో నడిచేది. నలభైసార్లు తిరుగుతానని మొక్కుకుంది. ఇరవై పూర్తయ్యాక నడుము పడిపోయింది. మంచం మీంచే కొడుకు చెయ్యి పట్టుకుంది. "సగం నాను తిరిగినాను. సగం నువ్వు తిరుగు నాయినా."

మొదటి ఏడాది బావకి సెలవు దొరకలేదు. మధ్యాహ్నం డ్యూటీకి గేటు దగ్గర ఉండాలి. అందుకని తెల్లవారుజామున కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి పరుగు అందుకున్నాడు. అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండని చుట్టి తిరిగి తొలిపావంచా చేరాడు. డ్యూటీ అందింది. పరుగు మాత్రం అక్కడితో ఆగలేదు. కూర్మన్నపాలెంలో మేముండే వీధి వెనక చిన్న గుట్ట ఉంది, దాని మీద నూకాలమ్మ గుడి. గుట్ట చుట్టూ సిమెంటు రోడ్డు, దాని బయటి అంచున కాలువ, ఒక రౌండు కిలోమీటరుకి కాస్త తక్కువ. రోజూ పదిహేను రౌండ్లు, ఎప్పుడూ గుట్ట కుడిచేతి వైపు ఉండేలా. గుడి చుట్టూ తిరిగినట్టే.

అలా పంతొమ్మిది ఏళ్ళు గడిచాయి. ఇంకొక్కసారి తిరిగితే మొక్కు పూర్తి. ఈ ఏడు సంక్రాంతి దాటాక ఎడమ మోకాలు పట్టుకుంది.

నాలుగు రౌండ్ల దాకా ఏమీ ఉండదు. ఐదో రౌండులో మోకాలి బయటి పక్క మేకు దిగినట్టు పొడుస్తుంది. నడిస్తే తగ్గుతుంది, పరిగెడితే మళ్ళీ పొడుస్తుంది.

బావ అనుమానం మొదట బూట్ల మీద పడింది. బీచ్ రోడ్డులో ఆదివారాలు పరిగెత్తే క్లబ్బొకటుంది. అందులో దేవీప్రసాద్ అనే బ్యాంకు ఆఫీసరు కిందటి నవంబరు రేసులో బావ కంటే పది నిమిషాలు వెనకబడి, వారం తిరక్కుండా ఆయనకి కొత్త బూట్లు కొనిచ్చాడు.

"ఓడిపోయినోడు గెలిసినోడికి బూట్లెందుకిత్తాడు బావా?" అని నన్ను అడిగాడు.

ఈ ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వరని నాకు తెలుసు. పుస్తకాల్లో మంచివాళ్ళుంటారు గానీ వాళ్ళ చిరునామా ఎవరూ రాయరు. ఆ బూట్లు పక్కన పడేసి పాతవి వేసుకున్నాడు. నొప్పి తగ్గలేదు.

తర్వాత ఎముకల డాక్టరు వంతు. ఆయన ఫోన్ చూసుకుంటూనే, "నలభై దాటాయిగా, పరుగు మానెయ్" అన్నాడట. "నా మోకాలు సూడకుండా నా వయసు సూసినాడు" అని బావ ఆ చీటీ చింపేశాడు. రోడ్డు పక్క గుడారంలో అమ్మే తైలం కూడా రాశాడు. చర్మం ఊడింది.

జూన్ వచ్చింది. గిరి ప్రదక్షిణకి అయిదు వారాలే మిగిలాయి. అప్పుడు మా అక్క చిట్టమ్మే మల్కాపురంలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి సంగతి ఎక్కడో విని మమ్మల్నిద్దరినీ బయలుదేరదీసింది.

టైర్ల షాపు పైన ఒక గది. కిటికీ తీస్తే రిఫైనరీ వాసన. గోడకి చర్చి క్యాలెండరు, దాని మీద వాక్యం. బావ గుమ్మంలోనే ఆ క్యాలెండరు చూసి నా వైపు తిరిగాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ అమ్మాయి పేరు రోజలిన్. పాతికేళ్ళుంటాయి. మోకాలు నొక్కింది. ఇటుక మీద ఒంటికాలితో నిలబెట్టి నెమ్మదిగా దిగమంది. ఎడమకాలితో దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగి వణికింది. ఆ తర్వాత బూట్లు తిరగేసి చాలాసేపు చూసింది.

"అన్నయ్యా, ఎడమ బూటు బయటి అంచు సగం లేదు. కుడిది బాగానే ఉంది. మీరు పరిగెత్తేది ఎక్కడ?"

బావ గుట్ట సంగతి చెప్పాడు.

"ఎటు నుంచి ఎటు?"

"కుడిసేతి కాడ గుట్ట. ఇంకెటు తిరుగుతారేటి?"

"రోజూ అలాగేనా?"

"ఇరవై ఏళ్ళ బట్టి."

కింద షాపు నుంచి పాత స్కూటరు ట్యూబు ముక్క తెప్పించి, దాన్ని కాళ్ళకి కట్టుకొని పక్కకి ఎలా అడుగులు వెయ్యాలో చూపించింది. వారం రోజులు రెండు రౌండ్లకి మించొద్దంది. ఆఖర్న, "ఆ రెండు రౌండ్లూ రివర్స్‌లో తిరగండి. గుట్ట ఎడమ పక్కన ఉండాలి" అంది.

బావ ముఖం మాడిపోయింది. గబగబా మెట్లు దిగాడు. టైర్ల షాపు ముందు నిలబడి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఇన్నావా? అమ్మోరికి ఎడంసెయ్యి సూపించి తిరగమంతన్నాది. ఒక్కటే మిగిలింది నాకు. ఆ ఒక్కటీ సెడగొట్టడానికే."

"ఆ పిల్లకి నీ మొక్కు సంగతి తెలీదు కదా బావా."

"గోడ మీద సూడలేదా నువ్వు?"

చూశాను. నా అనుమానం వేరేగా ఉంది. నెలల తరబడి రప్పించుకోవడానికే ఇలాంటివేవో చెబుతారనుకున్నాను. కానీ వారం దాకా రావద్దంది కూడా తనే. అది నాకు లెక్క కుదరలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. "రివర్స్‌లో తిరిగారా?" అని అడిగింది.

"తిరిగినాను."

ఆమె బూట్లు తిరగేసింది. ముందు రోజే జల్లు పడింది. ఎడమ బూటు బయటి అంచుకి కాలువ పక్క ఎర్రబురద ఎండి ఉంది. కుడి బూటుకి మరక లేదు.

"అన్నయ్యా, కాలువ ఎటు పక్క ఉంటుంది?"

బావ నేల చూశాడు. ఆయన్ని కూడా నమ్మని మనిషి ఒకరు దొరికారని నాకు లోపల నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఆరింటికి రోజలిన్ స్కూటీ గుట్ట దగ్గర ఆగింది. చేతిలో నిండా నీళ్ళున్న సీసా. దాన్ని రోడ్డు మీద పడుకోబెట్టి వదిలేసింది. సీసా మెల్లగా కదిలి, వేగం అందుకుని, బయటి వైపు కాలువలో పడింది.

"వాననీరు పోవడానికి రోడ్డు బయటికి వాలుగా వేశారు. గుట్ట చుట్టూ ఇంతే. ఇటే తిరిగితే మీ ఎడమకాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. అటు తిరిగితే కుడికాలు. అంతే నేను చెప్పేది."

బావ సీసా తీసి దాని అడుగు తడిమి చూశాడు. "సీసా సక్కగా నేదు" అన్నాడు. గుడికి తెచ్చిన కొబ్బరికాయ చేతిలో ఉంది. దాన్ని పెట్టి చూశాడు. కాలువలోకి పోయింది. కడిగి తెచ్చి, ఇరవై గజాలు అవతల పెట్టాడు. మళ్ళీ పోయింది. గుడి వెనక్కి వెళ్ళి, ఆ అమ్మాయి కనబడని చోట ఒక్కడే పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పటికి కాయకి మళ్ళీ బురద.

ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చున్నాడు.

"ఏటయ్యింది?" అంది అక్క.

"రోడ్డు వాలే. నిజమే సెప్పింది. అయినా ఎనక్కి తిరిగితే మొక్కు ఉంటాదేటి?"

"నువ్వు డ్యూటీకి ఎల్లినప్పుడు గుట్ట ఎటు కాడుంటాది?"

బావ ఆలోచించాడు. "ఎడంసేతి కాడ."

"ఇరవై ఏళ్ళు ఎల్లినావు కదా. అప్పుడు పోని మొక్కు ఇప్పుడు పోతాదా? తిను ముందు."

మర్నాడు ఆయన గుట్టకి ఎదురుగా నిలబడి చేతులు జోడించడం చూశాను. "ఇది మొక్కు కాదమ్మా, వైద్యం" అని పైకే చెప్పాడు. కుడికి తిరిగి, గుట్టని ఎడమచేతి వైపు ఉంచుకుని పరుగు అందుకున్నాడు.

మూడో రోజుకే వీధిలో గుసగుస మొదలైంది. టీ బడ్డీ దగ్గర గురునాథరావు అనే రిటైరైన ఫిట్టరు అందరికీ వినబడేలా అడిగాడు.

"ఏటి వరహాలూ, అమ్మోరి సుట్టూ ఎనక్కి తిరుగుతన్నావ్? ఎవరి మీద సిల్లంగి?"

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. పల్లెల్లో ఆ మాట వేళాకోళానికి కూడా అనరు. ఆ మాట పడ్డవాళ్ళ పళ్ళు ఊడగొట్టిన రోజులున్నాయి. బడ్డీ దగ్గర ఒక్కడూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు గ్లాసులు కింద పెట్టి బావ వైపే చూశారు. ఊరందరినీ అనుమానించిన మనిషి ఊరి అనుమానం ముందు నిలబడటం నేను మొదటిసారి చూశాను.

మా అక్క కూరల సంచితో అటే వస్తోంది.

"ఓలమ్మ, సిల్లంగే! ముందు నీకే పెట్టాడు గురునాథం బావా. ఇంటికెల్లి పళ్ళు నెక్కెట్టుకో. కట్టుడుపళ్ళు నెక్కలోకి రావు మరి."

అప్పుడు నవ్వారు. గురునాథరావు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. బావ మాత్రం నవ్వలేదు. రెండు రోజులు గుట్ట వైపు వెళ్ళలేదు. పెరట్లో ట్యూబు కాళ్ళకి కట్టుకుని గోడ పొడవునా పీతలా పక్కకి నడిచాడు. మూడో రోజు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ రివర్స్‌లోనే. ఐదో రౌండు దాటాడు. ఆరు, ఏడు. మేకు దిగలేదు. దానికీ అనుమానమే. "తగ్గినట్టు నటిత్తందేమో" అన్నాడు, తన మోకాలి గురించి.

రోజలిన్ ఆఖరిసారి చూసి ఒకటే చెప్పింది. "ముప్పై రెండు పరిగెత్తితే మధ్యలోనే కూలబడతారు. నడిస్తే పూర్తి చేస్తారు. నడవండి."

"అలగే" అన్నాడు బావ. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు ఎలా ఉంటాడో నాకు తెలుసు.

గిరి ప్రదక్షిణ రోజు పొద్దున్నే తొలిపావంచా దగ్గర కాయ కొట్టాడు. నేను బైకు మీద వెనకాల బయలుదేరాను. ఈసారి సెలవు పెట్టాడు, అయినా పరుగే. అడవివరం దాకా పాత వరహాలే. ముడసర్లోవ దాటాక అడుగు చప్పుడు మారింది. హనుమంతవాక దగ్గర మజ్జిగ పంచే పందిరి పక్కన ఎడమకాలు లాగి ఆగాడు.

జనం అప్పటికే రోడ్డు ఎడమ అంచున బారులు తీరి వస్తున్నారు. బావ వంగి రోడ్డు వాలు చూశాడు. అక్కడా ఎడమకే. లేచి, రోడ్డు దాటి కొండ వైపు అంచుకి వెళ్ళాడు. అక్కడ వాలు కుడికి ఉంది. నాలుగు అడుగులు పరిగెత్తబోయాడు. మళ్ళీ ఆగాడు.

"బావా, ఎక్కు. ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"ఎక్కితే ఇరవయ్యోది నీ బండి తిరుగుతాది, నాను కాదు."

ముఖమంతా చెమట. చాలాసేపు కొండ వైపు చూశాడు. ఆయన పక్క నుంచే ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ, ఎవరినీ పట్టించుకోకుండా నడిచిపోయింది. ఆవిడ కాళ్ళకి చెప్పులు లేవు.

బావ ఒంగి బూట్లు విప్పి నా బండికి తగిలించాడు. ఒట్టికాళ్ళతో నడక మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన కొండ చుట్టూ నడవడం అదే మొదలు.

ఎప్పుడూ మూడున్నర గంటల్లో ముగించేది, ఆ రోజు సాయంత్రం అయిదు దాటింది. తొలిపావంచా మెట్టుకి నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. లేచాక, "నలబై" అన్నాడు. అంతే.

రెండు రోజుల తర్వాత మల్కాపురం వెళ్ళాం. బావ చేతిలో అప్పన్న ప్రసాదం, పులిహోర పొట్లం. రోజలిన్ బల్ల మీద పెట్టాడు. పెట్టి, ఆమె చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు అర్థమైంది. ఇది కృతజ్ఞత కాదు, పరీక్ష. మొహమాటానికి తీసుకుని మేం వెళ్ళాక పక్కన పెట్టేస్తుందని ఆయన లెక్క. నా లెక్కా అదే.

ఆమె పొట్లం చూసింది. క్యాలెండరు వైపు చూడలేదు. మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"ఏమనుకోకండి అన్నయ్యా. మేం ప్రసాదం తినం. మీరు మొక్కు తీర్చుకుని తెచ్చారు, మీరే తినండి. కాలు ఇలా పెట్టండి, చూస్తాను."

బావ కాలు పెట్టాడు. ఆమె మోకాలు నొక్కి చూసింది. ట్యూబు నడక ఇంకో నెల మానొద్దంటే తల ఊపాడు. మెట్లు దిగి టైర్ల షాపు ముందు, మొన్న నా చొక్కా పట్టుకున్న చోటే ఆగాడు. పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు.

"సూసినావా? తిననని మొకం మీదే సెప్పేసింది. నటించనేదు."

"అవును."

"అయితే మోకాలు సంగతి కూడా నిజమే సెప్పుంటాది."

పులిహోర ఆఖరి ముద్ద మింగి, పొట్లం కాగితం మడిచాడు. ఆ తర్వాత ఇంట్లో మూల పడి ఉన్న దేవీప్రసాద్ కొనిచ్చిన బూట్లు అప్పట్లో తన కాలికి సరిగ్గానే సరిపోయాయి కదా అని నన్ను అడిగాడు.