పిన్నీసు గుచ్చిన పేజీలు

ఆ సాయంత్రం చిక్కడపల్లిలో బస్సెక్కేసరికే ఆఫీసు పనితో నా కళ్లు మండుతున్నాయి. నలభై దాటాక, నేర్పేవాళ్లెవరూ లేకుండా, లీనియర్ ఆల్జీబ్రా మొదలుపెట్టాను. ఒళ్లో జిరాక్స్ పుస్తకం తెరిచి, రెండు సమీకరణాలను సాధిస్తున్నాను. సాధించడమంటే, ఒక స్టెప్పు చేసి, పుస్తకం చివర జవాబు చూసి, నా అంకెలను ఎలాగోలా దాని వైపు లాక్కెళ్లడం. నారాయణగూడ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది.

పక్క సీట్లో కూరగాయల సంచితో కూర్చున్నావిడ చాలాసేపు చూసి అంది:

"ఏమనుకోకక్కా, నువ్వు జవాబు చూసుకుంట చేస్తున్నవ్."

"చూడకపోతే ఒప్పో తప్పో ఎలా తెలుస్తుందండీ?" విసుక్కున్నాను.

"నేను గూడ సర్కారు కొలువు కోసం అశోక్‌నగర్‌ల రూము తీసుకొని నాలుగేండ్లు గట్లనే చదివిన. అన్నీ వచ్చినట్టే అనిపించేది. పరీక్షల కూసున్నంక తెల్సింది."

గాజుకు వేలాడుతున్న పిన్నీసుల్లో ఒకటి తీసి, జవాబులున్న చివరి నాలుగు పేజీలను కలిపి గుచ్చింది. "జర ఓపిక పట్టక్కా" అని, సంచి ఎత్తుకుని అక్కడే దిగిపోయింది.

అంబర్‌పేట దగ్గర పడేసరికి నాకు రెండు విలువలు వచ్చాయి. వేలు పిన్నీసు మీదికి పోయింది కానీ తీయలేదు. ఆ విలువలను తిరిగి సమీకరణాల్లోనే పెట్టి చూశాను. మొదటిదానికి సరిపోయాయి, రెండోదానికి సరిపోలేదు. ఎవరూ చెప్పకుండా నా తప్పు నాకే దొరకడం అదే మొదటిసారి.

నెలలు గడిచినా పుస్తకం ఇంకా సగం కూడా కాలేదు. పిన్నీసు మాత్రం తుప్పు పట్టింది.