చింతపండు పెట్టి తోమిన చక్రం

నా చిన్నప్పుడు, ఒక దసరా ముందు రోజున, చేతితో ఒక తప్పు చేసి నోటితో ఇంకొకటి చేశాను. చేతితో చేసినదాన్ని మా పెద్దబాపు పొద్దుగూకేలోపే సరిచేయించాడు. నోటితో చేసినదాన్ని దిద్దుకునే పని నాకే వదిలాడు. దానికి నేను ముసలివాణ్ణి కావలసి వచ్చింది.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. తెలంగాణ నుంచి గుజరాత్‌లోని సూరత్‌కు వలస వచ్చిన మా మగవాళ్లందరూ మగ్గాల షెడ్లలో పనిచేస్తుంటే ఆయనొక్కడు షెడ్డు యజమాని సేఠ్ దగ్గర డ్రైవరు. ఊరి అంచున భేస్తాన్‌ పేటలో సేఠ్ షెడ్డు వెనుక, రేకుల కొట్టంలో, ఒక విదేశీ కారు ఉండేది. నేను పుట్టకముందే పాతబడిపోయిన కారు అది. సేఠ్ తండ్రి ముచ్చటపడి కొన్నది కాబట్టి అమ్మలేదు. దసరానాడు దానికి బంతిపూల దండ వేసి పూజ చేసి, ఇంటిల్లిపాదీ అందులో ఊరు తిరిగి వచ్చేవారు.

దాని చక్రాలు మామూలు ఇనుపవి కావు. అల్యూమినియం కలిసిన లోహంతో పోతపోసినవి. ఇప్పుడు అల్లాయ్ వీల్స్ అంటున్నారే, అవి. ముందు ఉత్త నీళ్లతో దుమ్ము వదిలించి, ఆ తర్వాత వేలికి పాత ధోవతి గుడ్డ చుట్టుకుని చువ్వల సందుల్లో పెద్దబాపు తుడుస్తుంటే, పసిపిల్లకు చెవులు తుడుస్తున్నట్టుండేది. చక్రాలకు వాడిన గుడ్డ కారు ఒంటికి తాకనిచ్చేవాడు కాదు.

ఆ రోజు ఆయన పూల కోసం బజారుకు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఒక చక్రమైనా తళతళలాడించి ఆయన చేత శభాష్ అనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. ఇంటి దగ్గర అమ్మ పండుగకు ఇత్తడి బిందెలు తోముతోంది. చింతపండు, పొయ్యిలోని బూడిద కలిపి రుద్దితే బిందె బంగారంలా వచ్చేది. కాగితంలో రెండూ పొట్లం కట్టుకుని పరుగెత్తుకొచ్చి, ముందు చక్రానికి దట్టంగా పట్టించాను. బాగా నానితే బాగా మెరుస్తుందనుకుని వీధిలో గోళీలాట చూస్తూ కూర్చున్నాను. వచ్చి కడిగితే చక్రం వంటగిన్నె అడుగులా నల్లబడి ఉంది. కడిగినకొద్దీ ఇంకా మసకబారింది.

అప్పుడే చౌకీదారు వచ్చాడు. ఎవరు చేశారని గద్దించాడు. కొట్టం పక్కన కుళాయి దగ్గర నా ఈడు ఒడియా పిల్లవాడు నీళ్లు పడుతున్నాడు. వాళ్లన్న ఆ షెడ్డులోనే మగ్గం నడిపేవాడు. వాళ్ల గదికి ఆ కుళాయే ఆధారం. నా వేలు ఎప్పుడు లేచిందో తెలియదు, వాడి వైపు చూపించింది; "వాడే" అని నోరు గొణిగింది. చౌకీదారు వాడి చెవి మెలిపెట్టి, బిందె బయటికి విసిరి, మళ్లీ ఇటు వస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడు. వాడు ఏడవలేదు. సొట్టపడిన బిందె తీసుకుని నా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. నేను చూపించడం వాడు చూడలేదు, నా మాట వాడికి వినపడలేదు.

పెద్దబాపు వచ్చాడు. చౌకీదారు చెప్పిందంతా విన్నాడు. చక్రం దగ్గర వంగి వాసన చూశాడు. నా గోళ్లు చూశాడు.

"ఏందిరా, గిట్లెట్లయింది?"

"నాకు తెల్వదు."

"అట్లనా," అని రెండో చక్రం ముందు కూర్చున్నాడు. "పొద్దుగాల్నే సేఠ్ వస్తడు. మీ అమ్మ బిందెలు మంచిగ తోముతది గద. ఉరికిపోయి జర చింతపండు, బూడిద పట్టుకరా."

వెళ్లాను. తెచ్చాను. ఆయన తీరిగ్గా ముద్ద కలిపి, చేతినిండా తీసుకుని, ఆ మెరిసే చక్రం వైపు చెయ్యి చాచాడు. నేను ఆ మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాను.

"వద్దు పెద్దబాపూ! నల్లగైతది!"

"నీకెట్ల ఎరుక?"

ఏడ్చేశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ముద్ద పడేసి చేతులు కడుక్కున్నాడు. ఇత్తడికి మందయ్యేది దీనికి విషమని చెప్పాడు. సన్నటి గరుకు కాగితం నీళ్లలో తడిపి నా చేతికిచ్చి, గట్టిగా కాదు, ఓపిగ్గా రుద్దాలన్నాడు. తర్వాత పాలిష్ ముద్ద, తర్వాత మెత్తటి గుడ్డ. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. నా వేళ్లు బొబ్బలెక్కాయి. చీకటి పడే వేళకు చక్రంలో మా ఇద్దరి ముఖాలూ కనిపించాయి. ఒక నట్టు పక్కన చిన్న మసక మాత్రం పోలేదు.

ఆ తర్వాత ఆయన చౌకీదారు దగ్గరికి వెళ్లి, పాడు చేసింది తానేననీ, తెలియక ఏదో రాశాననీ చెప్పి, చౌకీదారు చేత ఆ మాటే ఆ పిల్లవాడికి చెప్పించి, కుళాయి ఇప్పించాడు. నాతో మాత్రం, "నీ పేరు నేను చెప్పలే. ఆ పోరనికి నువ్వే చెప్పాలె," అన్నాడు. సరేనన్నాను. రేపే చెబుదామని నిజంగానే అనుకున్నాను.

మర్నాడు, దసరాకు అక్కడ అందరూ తినే శనగపిండి ఫాఫ్డా, జిలేబీ వాడూ నేనూ ఒకే కాగితంలో తిన్నాం. చెప్పలేదు. తర్వాత ఇద్దరం ఒకే షెడ్డులో మగ్గం నేర్చుకున్నాం, ఒకరి పెళ్లికి ఒకరం పెద్దరికం చేశాం. స్నేహం పెరిగినకొద్దీ ఆ మాట బరువెక్కింది. పెద్దబాపు ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు పెద్దబాపు పోయాడు. దహనానికి నలుగురం వెళ్లాం. నా ఒడియా నేస్తం అప్పటికి ఉన్ అనే పేటలో ఒక మగ్గాల షెడ్డుకు పనులు చూసే మాస్టరు. విషయం తెలిసి వచ్చి, మూతికి గుడ్డ కట్టుకుని మా గుమ్మం బయటే నిలబడ్డాడు. పలకరింపు అయ్యాక, తన హిందీలో అన్నాడు: "మంచి మనిషే యార్. ఒక్కటే మరిచిపోలేకపోయాను. చక్రం తనే పాడుచేసుకుని, నా చెవి మెలిపెట్టేదాకా నోరు విప్పలేదు."

నన్ను దాచడానికి ఆయన తన మీద వేసుకున్న నిందను, ఈ మనిషి ఇన్నేళ్లూ నిజమని నమ్మాడు. నేను నమ్మనిచ్చాను. అక్కడికక్కడే అంతా చెప్పాను.

"బతికుండగా చెప్పి ఉంటే వెళ్లి కాళ్లకు మొక్కేవాణ్ణి," అని వెళ్లిపోయాడు. చాలా రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

ఒక ఉదయం తనే వచ్చి, మీ పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఆమె ముందు, వాడి ముందు, మళ్లీ మొదటినుంచి చెప్పాను. పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "నాకెర్కనే బిడ్డా. ఆయన ఆ రాత్రే చెప్పిండు. పోరడు చెప్తడు, జర ఆలస్యమైతది, నువ్వు అడగకు అన్నడు," అంది.

"జరానా?" అన్నాడు నా నేస్తం, నా తెల్ల గడ్డం వైపు చూస్తూ. వాడికి మా తెలుగు అంతా అర్థమవుతుంది. ముందు పెద్దమ్మ నవ్వింది, తర్వాత మేము.

ఆయన నా మీద పెట్టుకున్న నమ్మకం గడువు లేనిదని నాకు ఆ రోజు తెలిసింది. అంతకన్నా పెద్ద ఆస్తి నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ కారు ఇప్పుడు సేఠ్ మనవడి దగ్గర ఉంది. ఆ ఏడాది దసరా ముందు అతణ్ణి అడిగి ఇద్దరం వెళ్లాం. నింద ఆ కొట్టంలో వేశాను కాబట్టి ఆ కొట్టంలోనే, సేఠ్ మనవడూ మగ్గాల కుర్రాళ్లూ వింటుండగా, ఆ చక్రం నల్లబరిచింది మా పెద్దబాపు కాదు, నేను అని చెప్పాను. తర్వాత పాత ధోవతి చింపి సగం వాడికిచ్చాను. వాడు వేలికి గుడ్డ చుట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చుని, నట్టు పక్కన ఆ మసక వెతికి పట్టుకున్నాడు. కాసేపు తుడిచి, "ఇది పోదు," అన్నాడు. కొంచెం జరిగి నాకు పక్కన చోటిచ్చాడు.