తలుపుకు లోపలి వైపు

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు సామాను తగ్గించుకోవాలని కంటికి కనిపించినవన్నీ అమ్ముకున్నారు. అట్లా ఒక గుమాస్తా ఇంట్లో నాకొక డబ్బా కెమెరా దొరికింది. బేరంలో నాకు తెలిసిన విద్య ఒకటే. కావలసిన వస్తువు వైపు చూడకూడదు. దాని పక్కన ఉన్నదాన్ని చూస్తూ ఉండాలి. ఆ పొద్దు గుమాస్తా ఇంట్లో విరిగిన కుర్చీని చానాసేపు మెచ్చుకున్నాను. చివరికి ఆయనకే విసుగుపుట్టి, కుర్చీ ఇచ్చేది లేదు గానీ ఇది తీసుకుపో అని కెమెరా నా చేతిలో పెట్టినాడు. నంద్యాలలో గుడ్డల అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి, నన్ను మించినవాడు లేడని బస్సులో వస్తూ మీసం లేని చోట దువ్వుకున్నాను. అదే విద్య కొన్ని నెలలకు నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం మా నాయన కొత్త మిద్దె కట్టిస్తా ఉండె. వీధి తలుపు మాత్రం ఆళ్ళగడ్డ తలుపు మాదిరి ఉండాలని ఆయన పట్టు. నల్లమల టేకుతో చేసిన పాత తలుపులు ఆడ చానా ఉన్నాయని, వాటిని చూసొస్తే తప్ప ఉలి పట్టనని వడ్లాయన అన్నాడు. ఆయనను బస్సెక్కించి, తిండి పెట్టించి, ఒకరోజు కూలి ఇచ్చి తిప్పడం మా నాయనకు ఇష్టం లేదు. నేనే పోయి తలుపులన్నీ ఫోటో పట్టుకొస్తానని చెప్పినాను. ఇన్నాళ్ళకు ఆ డబ్బా ఒక పనికొచ్చిందని నాయన ఒప్పుకున్నాడు. బయట ఎవరింట్లోనూ తినొద్దని అమ్మ చెప్పి పులిసోరు మూట కట్టిచ్చింది. మా ఇంట్లో ఆ నియమం గట్టిది. బంధువులు కానివాళ్ళ ఇంట నీళ్ళు తాగినా అమ్మకు తెలిసిపోతుందని నా నమ్మకం.

ఆళ్ళగడ్డలో బస్సు దిగి పొద్దున్నే తిరగడం మొదలుపెట్టినాను. ముందు బజారు. అంగళ్ళ పలక తలుపులు ఒకదాని పక్కన ఒకటి, వరస తప్పకుండా సున్నంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. వాటిని చూస్తే చిన్నప్పుడు మా అంగడి పలకలు తారుమారు చేసి తిన్న మొట్టికాయలు గుర్తొచ్చినాయి. తర్వాత ఇండ్ల వీధులు. ద్వారబంధం మీద ఏనుగుల మధ్య లక్ష్మి, పక్కల చిలకలు, తలుపు రెక్కల నిండా ఇత్తడి బొడిపెలు. ఒకామె, ఇల్లు కొంటాండావా నాయనా అని అడిగింది. కాదు, ఫోటోకని చెబితే, ఉండమని లోపలికి పోయి గడపకు పసుపు రాసి, ముగ్గేసి, ఇప్పుడు పట్టుకో అన్నది. తలుపుల కోసం వచ్చినవాణ్ణి, వడ్లాయన సంగతే మర్చిపోయినాను. ఏ సందులో ఏ తలుపు ఉందోనని ఊరికే తిరుగుతా ఉండినాను.

అట్లా తిరుగుతూ ఊరి చివర వీధికి పోయినాను. మిట్టమధ్యాహ్నం. ఆ వీధిలో నాపరాతి అరుగుల మీద ఒక్కరూ కూచోలేదు. అన్ని వాకిళ్ళూ మూసి ఉన్నాయి. అది నేను గమనించకపోలేదు. మనుషులు అడ్డం లేకుండా మంచి ఫోటోలు వస్తాయని సంతోషించినాను, అంతే.

వీధి కొసన ఉంది ఆ తలుపు. ఆ పొద్దు చూసినవన్నీ దాని ముందు బీరువా తలుపులే. పెద్ద రెక్కలో మనిషి వంగి పోయేంత చిన్న దిడ్డి తలుపు. బొడిపెలు ఇనుపవి. రెక్క కింది సగంలో అడ్డదిడ్డంగా లోతైన గాట్లు ఉన్నాయి. పనివాడి తప్పనుకున్నాను. అమ్మకానికొస్తే ఆ గాట్లు చూపించి ధర దించొచ్చని కూడా అనుకున్నాను. అలవాటు. ఇంటివాళ్ళెవరైనా చూస్తే తమ తలుపు గొప్పదని ఎక్కడ బిగుసుకుంటారోనని తలుపు వైపు చూడకుండా గోడ ఎత్తు చూసినాను, మిద్దె పైకి చూసినాను, పక్క సందులోకి తొంగిచూసినాను. వీధి చివరకు పోయి మళ్ళీ వచ్చినాను. అప్పుడు డబ్బా పొట్టకానించుకుని మీట నొక్కినాను.

దిడ్డి తెరుచుకుంది. ఇద్దరు బయటికొచ్చినారు. ఒకడు నా భుజం మీద చెయ్యేసినాడు. ఆ చెయ్యి బరువుకే నేను వంగి లోపలికి పోయినాను. నా వెనక దిడ్డి మూసినారు. తలుపుకు అడ్డంగా, మనిషి తొడంత మాను ఒకటి గోడలో నుంచి జారి, అవతలి గోడ బొక్కలోకి పోయి కొట్టుకుంది. పొద్దుట్నుంచి ఎన్నో తలుపులు చూసినాను, ఒక్కదానికీ లోపలి వైపు ఉంటుందని తోచలేదు. ఆ గాట్లు గొడ్డలివని అప్పుడు అర్థమైంది.

లోపల బండల వాకిట్లో నులకమంచం మీద ఒక పెద్దాయన కూచోనుండె. గోడకానుకుని మగవాళ్ళు. ఎవరి చేతిలో ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ ఇంటికీ ఊళ్ళో ఇంకో ఇంటికీ పగ ఉందని, దాని భయానికే ఆ వీధి మధ్యాహ్నం పూట కూడా మూసుకుపోతుందని ఊరందరికీ తెలుసట. తెలియంది నాకొక్కనికే.

పెద్దాయన నెమ్మదిగా అడిగినాడు. “ఏం నాయనా, మనుషుల్ని ఫోటో పట్టేవాళ్ళను చూసినాం. తలుపును యాడైనా పడ్తారా?”

నంద్యాలలో మా అంగడి సంగతి, కొత్త మిద్దె సంగతి, వడ్లాయన సంగతి చెప్పినాను. నా గొంతు నాకే అబద్ధం మాదిరి వినిపించింది. నన్ను పట్టుకొచ్చిన పడుచువాడు నవ్వినాడు. “తలుపు కోసమొచ్చినోడు తలుపు చూడాల గదా. గోడెంత ఎత్తుందో చూసె, మిద్దె చూసె, సందు చూసె. తలుపొక్కటే చూళ్ళా.” అది బేరమాడే విద్య అని ఆ వాకిట్లో ఎట్లా చెప్పేది?

పెద్దాయన లోపలికి కేకేసి అన్నం పెట్టమన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంక వదిలేస్తారనుకున్నాను. చేతులు జోడించి మర్యాదగా చెప్పినాను. “వద్దు పెద్దాయనా. నేను బయట తినను.”

గోడ దగ్గర ఎవరో లేచి నిలబడ్డారు. ఇంకొకరు కూడా. పెద్దాయన ముఖం బిగుసుకుపోయింది. పడుచువాడు అందరికీ వినపడేట్టు అన్నాడు. “తినడంట.”

ఏం తప్పు మాట్లాడినానో నాకు తెలియలేదు. తప్పు మాట్లాడినానని మాత్రం తెలిసింది. అప్పుడు లోపలి గడప దగ్గర నుంచి ఒక ముసలామె, పెద్దాయన తల్లి, చెయ్యెత్తి అందర్నీ ఆపి నా ముందుకొచ్చింది.

“తినకూడదా బిడ్డా, తినవా?” అని అడిగింది. నేను నోరు తెరిచే లోపల తనే చెప్పింది. “మా ఇంట్లో ఉప్పు తిన్నోని మీద మావాళ్ళు చెయ్యెత్తరు. తిన్నోడు మాకు చెడు తలపెట్టడు. ఆ పొత్తు వద్దన్నోన్ని మేమేమనుకోవాల?”

మా అమ్మ నియమం గుర్తొచ్చింది. గొడ్డలి గాట్లూ గుర్తొచ్చినాయి. “పెట్టవ్వా, తింటా” అన్నాను.

రాగిసంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. నీసు కలవలేదు, మీకు పనికొచ్చేదే పెట్టినాలే అన్నది. సంగటి మింగాల్సిందే గానీ నమలకూడదని నాకు తెలియదు. నమిలినాను. గొంతులో పడి ఆగిపోయింది. అంతమంది నా గొంతునే చూస్తా ఉంటే దిగుతుందా? అవ్వ మజ్జిగ గ్లాసులో అందరూ చూసేట్టు ఉప్పు వేసి, వేలితో కలిపి ఇచ్చింది. తాగినాను. నిలబడ్డవాళ్ళు కూచున్నారు.

కానీ డబ్బా మిగిలి ఉంది. నన్ను నమ్మినా అది ఎవరి చేతిలో పడుతుందోనని పెద్దాయన అన్నాడు. అంత భయంలోనూ నాలోని అంగడివాడు నిద్ర లేచినాడు. మీ తలుపు ఒక్కటి తీసేస్తా, మిగతావి ఊళ్ళోవాళ్ళవి, వదిలిపెట్టండని బేరం పెట్టినాను. అయితే మాది కోసియ్యి అన్నాడాయన. అప్పుడు గానీ నాకు తోచలేదు. వెలుతురు చూస్తే రీలంతా పోతుంది. గజం లెక్కన కోయడానికి వీల్లేని సరుకు పుట్టినాక అదే మొదటిసారి చూడటం. ఎండలో నిలబడి డబ్బా వెనక మూత నేనే తీసి రీలు లాగినాను. పసుపు రాసిన గడప, చిలకలు, బజారు పలకలు, అన్నీ ఆ ఎండలో పోయినాయి.

పడుచువాడు రీలు రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తి చూసినాడు. “యాడుండాయి తలుపులు? దీంట్లో ఏమీ లేదు. ఇంకోటి యాడనో దాచినాడు ఈడు.”

కడిగేదాకా బొమ్మ కనిపించదని, ఇప్పుడు కడిగినా కనిపించదని చెప్పినాను. చెప్పేకొద్దీ అది గారడీవాడి మాట మాదిరి తయారైంది. నా చొక్కా, సంచీ, పులిసోరు మూట కూడా విప్పి చూసినారు. గోడ దగ్గరివాళ్ళు మళ్ళీ లేచినారు. ఇంక నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. నా వైపు ఒక్క సాక్ష్యం లేదు.

అవ్వ ఖాళీ మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుంది. “తాగినాడు గదా” అన్నది.

పెద్దాయన తల ఊపినాడు. మాను వెనక్కి జరిగింది. దిడ్డిలోంచి వంగి బయటపడి, ఆ వీధిలో పరుగెత్తకుండా నడవడానికి పడ్డ కష్టం నేను జన్మలో ఇంకే పనికీ పడలేదు. వీపు మీద చూపులున్నాయో లేవో తిరిగి చూడలేదు.

పులిసోరు మూట అట్లనే వెనక్కొచ్చిందేమని అమ్మ అడిగింది. ఎండకు ఆకలి కాలేదన్నాను. కెమెరా చెడిపోయిందని నాయనకు చెప్పినాను. పోనీ చూసింది చెప్పు, చేసిస్తా అన్నాడు వడ్లాయన. చిలకలెన్ని, పువ్వు ఎట్లుంది అని అడుగుతా ఉంటే ఒక్కటీ గుర్తు రాలేదు. అడ్డమాను ఎంత లావుందో, గోడలో బొక్క ఎంత లోతుందో, మాను ఎట్లా జారుతుందో మాత్రం గీసి చూపించినాను. కాబట్టి మా ఇంటి వీధి తలుపు బయటి నుంచి చూస్తే ఉత్త చెక్క. లోపల మాత్రం కోటకు సరిపోయే మాను. మనం ఎవరికి భయపడాలిరా అని నాయన అడిగినాడు. గట్టిగా ఉంటుందిలే నాయనా అన్నాను.

నాయన కాలం చేసినాక, రోజూ పొద్దుగూకగానే ఆ మాను తోసేది నేనే. అది గోడకు పోయి కొట్టుకున్నప్పుడల్లా, తలుపుకు ఏ వైపు నిలబడినానో ఒకసారి చూసుకుంటాను.